మద్రాసు ఎల్ఐసీ బిల్డింగ్ చూశాను. ఇందులో ఏముందని మావాళ్లు ఇంత చెప్పారు?

నానక్‌రామ్‌గూడ_నవీన్
పోయిన వారం ఆఫీసు పని మీద చెన్నై వెళ్లాను. బయల్దేరే ముందు తాతయ్య ఫోన్ చేసి మరీ చెప్పాడు, "మౌంట్ రోడ్డులో ఎల్ఐసీ బిల్డింగ్ చూడకుండా రావద్దురా" అని. ఆయన చిన్నప్పుడు మా ఊరి నుంచి మద్రాసు వెళ్లొచ్చినవాళ్లు వారం రోజులు దాని గురించే చెప్పుకునేవాళ్లట. సరేలే అని సాయంత్రం మెట్రో ఎక్కి, ఆ బిల్డింగ్ పేరు పెట్టిన స్టేషన్‌లోనే దిగాను. పైకొచ్చి చూస్తే 15 అంతస్తుల డబ్బా. అంతే! మా హైదరాబాదు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అయితే పార్కింగ్ బ్లాక్ అనుకుంటారు. ఫోటో పంపిస్తే తాతయ్య మాత్రం తెగ మురిసిపోయాడు. "పైకి చూస్తే తలపాగా పడిపోయేది" అన్నాడు. నాకైతే మెడ కూడా పెద్దగా ఎత్తాల్సి రాలేదు. గొడవకు అడగడం లేదు, నిజంగానే తెలియక అడుగుతున్నా. ఏముంది ఇందులో?

కోఠీ_కుర్రాడు
పార్కింగ్ బ్లాక్! హహహ. ఆగు, మద్రాసు బ్యాచ్ ఇప్పుడు కర్రలు పట్టుకుని వస్తుంది.

పాండీబజార్_పాతకాపు
వచ్చేశాం. కర్ర తర్వాత తీస్తాను, ముందు ఒక మాట. 60లు, 70ల్లో తెలుగు సినిమాలో హీరో పల్లెటూరు వదిలి పట్నం చేరాడని చూపించాలంటే మూడే షాట్లు. సెంట్రల్ స్టేషన్ గడియారం, మౌంట్ రోడ్డు మీద బస్సులు, కింద నుంచి పైదాకా నెమ్మదిగా ఎల్ఐసీ బిల్డింగ్. మూడో షాటు పడగానే హాల్లో కూర్చున్నవాళ్లకు అర్థమైపోయేది, వీడికిక కష్టాలు మొదలని. నేను అసిస్టెంటుగా చేరిన కొత్తలో మా కెమెరామన్ దీన్ని స్టాక్ షాట్‌గా డబ్బాలో పెట్టుకుని తిరిగేవాడు. కథలో హైదరాబాదు అని రాసుకున్నా పడేది మాత్రం ఈ షాటే.

కోఠీ_కుర్రాడు
అందుకేనా పాత సినిమాల్లో హైదరాబాదులో కూడా తమిళ బోర్డులు కనిపించేవి!

పాండీబజార్_పాతకాపు
ఫ్రేములో బోర్డు రాకుండా చూడటమే నా ఉద్యోగం. అన్నిసార్లూ కుదిరేది కాదు.

చరిత్ర_చాదస్తం
నవీన్, ముందు తేదీలు చూడు. ఆ బిల్డింగ్ ప్రారంభమైంది 1959 ఆగస్టు 23న. ఎత్తు 177 అడుగులు. అప్పటికి దేశంలో అంత ఎత్తు ఆఫీసు లేదు. 1961లో బొంబాయిలో ఉషాకిరణ్ లేచేదాకా మొదటి స్థానం దీనిదే. మద్రాసులో అయితే ఆ తర్వాత 30 ఏళ్ల పైమాటే దాన్ని దాటిన బిల్డింగ్ రాలేదు. ఊళ్లో మిగతావన్నీ రెండు మూడు అంతస్తులున్న రోజుల్లో మీ తాతయ్య చూశారు. నువ్వు 20 అంతస్తుల నుంచి లిఫ్టు దిగి వెళ్లి చూశావు.

ఇంకోటి. పని మొదలైంది 1953లో. ఆ ఏడాదే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, మనవాళ్లు మద్రాసు వదిలి కర్నూలులో గుడారాలు వేసుకున్నారు. "మద్రాసు మనదే" అని అరిచి గొంతు పోగొట్టుకున్నవాళ్లు ఆ ఊరికి వెళ్లినప్పుడల్లా ఇది ఒక్కో అంతస్తే లేవడం చూశారు. మన పెద్దవాళ్లు దాని గురించి అంతగా మాట్లాడటంలో కాస్త అదీ ఉందని నా అనుమానం.

నెల్లూరు_నెరజాణ
అనుమానమేమీ అక్కర్లేదు. మా అమ్మమ్మ ఇప్పటికీ "మన మద్రాసు" అనే అంటుంది. నెల్లూరులో చీర కొంటే చీర కాదు, మద్రాసులో కొంటేనే చీర.

ట్రిప్లికేన్_తులసి
ఇక్కడివాళ్లు దీన్ని "పదినాలు మాడి" అంటారు, 14 అంతస్తులని. నవీన్ 15 అన్నాడు. ఆటో ఎక్కి "పదినాలు మాడి" అన్నావంటే అడ్రస్ చెప్పనక్కర్లేదు.

కోఠీ_కుర్రాడు
14ఆ 15ఆ? తేల్చండి, టెన్షన్‌గా ఉంది.

ట్రిప్లికేన్_తులసి
గ్రౌండ్ ఫ్లోర్ లెక్కేస్తే 15, వేయకపోతే 14. దీని మీద మా ఇంట్లోనే రెండు పార్టీలు.

సివిల్_సూరిబాబు
పార్కింగ్ బ్లాక్ అన్న మాటకు ఒళ్లు మండి లాగిన్ అయ్యాను.

నవీన్, అంతస్తులు లెక్కపెట్టడం మానేసి ఎలా నిలబడిందో చూడు. అంతకుముందు మద్రాసులో పెద్ద బిల్డింగులన్నీ ఇటుక, సున్నం. వాటిలో బరువు మోసేది గోడ. ఒక్కో అంతస్తు ఎక్కించేకొద్దీ కింది గోడ లావు పెంచుకుంటూ పోవాలి. షికాగోలో మొనాడ్నాక్ అని 1891లో 16 అంతస్తులు ఇటుక గోడల మీదే లేపారు. కింద గోడ మందం 6 అడుగులు! రోడ్డు పక్కన ఎక్కువ అద్దె వచ్చే చోటునే గోడ తినేస్తే ఓనరుకు ఏం మిగులుతుంది? అందుకే ఆ పద్ధతి అక్కడితో ఆగింది.

ఎల్ఐసీ బిల్డింగ్‌లో బరువు మోసేది కాంక్రీటు స్తంభాలు, దూలాలు. గోడ కేవలం తెర. తీసేసినా బిల్డింగ్ పడదు. ఇవాళ నీ అపార్టుమెంటు, నీ ఆఫీసు, సందు చివర మెడికల్ షాపు అన్నీ ఇదే పద్ధతి కాబట్టి నీకు వింతగా అనిపించడం లేదు. మన దక్షిణాదిలో సున్నం నుంచి కాంక్రీటు స్తంభాలకు మారిన మలుపు అంటే ఇంజినీర్లు ముందు చూపించేది దీన్నే.

రెడీమిక్స్ లారీ అన్న మాటే మన దేశంలో పుట్టని కాలం. కాంక్రీటు తట్టల్లో కదిలేది. తట్టల్లో మోసుకుంటూ 177 అడుగులు ఎక్కించడం ఊహించుకో, తర్వాత డబ్బా అను.

నానక్‌రామ్‌గూడ_నవీన్
సూరిబాబు గారూ, కోపం తెచ్చుకోకండి. డబ్బా అన్నది ఆకారం గురించి. కట్టినవాళ్లను ఏమీ అనలేదు. ఇంతకీ కట్టింది ఎవరు? ఎల్ఐసీ వాళ్లేనా?

చరిత్ర_చాదస్తం
ఇక్కడే అసలు కథ. మొదలుపెట్టినప్పుడు ఎల్ఐసీ పుట్టనేలేదు.

కట్టించాలనుకున్నది ఎం.సీటీ.ఎం. చిదంబరం చెట్టియార్. 1937లో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు పెట్టినాయన. యునైటెడ్ ఇండియా లైఫ్ అనే బీమా కంపెనీ ఆయన చేతిలో ఉండేది. 1906లో మద్రాసులో మొదలైన పాత కంపెనీ అది. దానికి హెడ్డాఫీసుగా ఈ బిల్డింగ్. లండన్ నుంచి బ్రౌన్, మౌలిన్ అనే ఆర్కిటెక్టులను పిలిపించాడు. మొదట 18 అంతస్తులు అనుకున్నారంటారు.

1954 మార్చి 13న సింగపూర్ కలాంగ్ ఎయిర్‌పోర్టులో బీఓఏసీ అనే బ్రిటిష్ కంపెనీ విమానం దిగుతూ కూలిపోయింది. 33 మంది చనిపోయారు. వాళ్లలో చెట్టియార్ ఒకరు. బిల్డింగ్ ఇంకా సగంలోనే ఉంది.

ఆ తర్వాత రెండేళ్లకు, 1956 జనవరి 19న, అప్పటి ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ రేడియోలో జీవిత బీమాను ప్రభుత్వం తీసుకుంటోందని ప్రకటించాడు. ముందుగా ఎవరికీ పొక్కనివ్వలేదు. ఆ సెప్టెంబరు 1న 245 కంపెనీలు, ప్రావిడెంట్ సొసైటీలు కలిపి ఎల్ఐసీ. యునైటెడ్ ఇండియా లైఫ్‌తో పాటు లేస్తున్న బిల్డింగ్ కూడా ప్రభుత్వానికి వచ్చింది. చివరి భాగం పూర్తి చేసిన ఆర్కిటెక్టు ఎల్.ఎం. చితలే. కట్టింది మురుగప్ప వాళ్ల కోరమాండల్ ఇంజినీరింగ్. ఖర్చు 87 లక్షలు.

అంటే కలగన్నాయన పోయాడు, ఆయన కంపెనీ పోయింది, గీసినవాళ్లు మారారు. బోర్డు మీద పేరు కూడా ఇంకొకరిది.

కోఠీ_కుర్రాడు
87 లక్షలా? ఇవాళ నానక్‌రామ్‌గూడలో టూ బెడ్‌రూమ్ కూడా రాదు. నవీన్, పార్కింగ్ బ్లాక్ మాట వెనక్కి తీసుకో.

నెల్లూరు_నెరజాణ
ఓ, ఆ చిదంబరం చెట్టియార్ పేరేనా చేపాక్ స్టేడియానికి పెట్టింది?

ట్రిప్లికేన్_తులసి
కాదండీ. స్టేడియం పేరు ఎం.ఏ. చిదంబరం గారిది. ఆయన అన్నామలై చెట్టియార్ కొడుకు, క్రికెట్ బోర్డు మనిషి. ఈయన ఎం.సీటీ.ఎం. ఇద్దరూ చెట్టినాడు వాళ్లే.

నెల్లూరు_నెరజాణ
చెట్టినాడులో రాయి విసిరితే చిదంబరం మీద పడుతుందేమో.

చరిత్ర_చాదస్తం
ప్రారంభోత్సవం గురించి ఒక పిడకలవేట. రిబ్బన్ కత్తిరించింది మొరార్జీ దేశాయ్, అప్పటి ఆర్థిక మంత్రి. ఏడాదిన్నర ముందు ఆ కుర్చీలో ఉన్నది మద్రాసు మనిషి, టి.టి. కృష్ణమాచారి. ఎల్ఐసీ పుట్టిన ఏడాదికే, 1957లో, ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు కోటి రూపాయలకు పైగా పెట్టి కొన్నది. ఫిరోజ్ గాంధీ పార్లమెంటులో లేచి నిలదీశాడు. ఛాగ్లా కమిషన్ బహిరంగంగా విచారణ జరిపింది. 1958 ఫిబ్రవరిలో టీటీకే రాజీనామా. అది జరగకపోయి ఉంటే సొంత ఊళ్లో, దేశంలోకెల్లా ఎత్తైన ఆఫీసుకు ఆయనే రిబ్బన్ కత్తిరించేవాడు. ఎల్ఐసీ వల్ల కుర్చీ పోయింది, ఎల్ఐసీ రిబ్బనూ పోయింది.

పాండీబజార్_పాతకాపు
దీనికి మా కెమెరామన్ క్లోజప్ వేసేవాడు.

జెర్సీసిటీ_జగ్గు
నవీన్, నీది ఒరిజినల్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ కాదు నాన్నా. ఒరిజినల్ న్యూయార్క్‌ది, అందులో నేను మూడేళ్లు క్లయింట్ ఆఫీసులో చేశాను. రోజూ పాత్ ట్రైన్ ఎక్కి వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో దిగి లిబర్టీ స్ట్రీట్ మీదుగా నడక. దారిలో వచ్చేది 28 లిబర్టీ, పాత పేరు వన్ చేజ్ మాన్‌హట్టన్ ప్లాజా. అదీ ఈ కాలపుదే. 1961. 60 అంతస్తులు, 813 అడుగులు.

దాని ముందు రాతి ప్లాజాలో ఒక పెద్ద గుండ్రటి గుంట ఉంటుంది, అందులో ఇసాము నొగుచి చేసిన తోట. తోట అంటే మొక్కలు ఉండవు, జపాన్ నుంచి తెచ్చిన రాళ్లు, ఎండాకాలంలో నీళ్లు. పైనుంచి వంగి చూడాలి. పక్కన దుబుఫే చేసిన నలుపు తెలుపు చెట్లు. అక్కడే బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా విప్పేవాణ్ణి. అంత ఖరీదైన స్థలంలో ఎక్కువ భాగం ఖాళీగా వదిలేసి మధ్యలో ఒక్క టవర్ పెట్టారు, అదే దాని అందం.

రెండేళ్ల తేడాలో అక్కడ 60, ఇక్కడ 15. ఏమంటారు?

నానక్‌రామ్‌గూడ_నవీన్
చూశారా! నేను అన్నదీ అదే.

సివిల్_సూరిబాబు
జగ్గు గారూ, నేల సంగతి కూడా చెప్పండి మరి. మాన్‌హట్టన్ కింద రాయి ఉంది. దాని మీద పునాది పెడితే కదలదు. మద్రాసులో తవ్వితే బంకమన్ను, ఇసుక. కూవం నది పక్కనే. పైగా న్యూయార్క్ అప్పటికి 70 ఏళ్లుగా ఆకాశంలోకి కడుతోంది. వూల్‌వర్త్ 1913లోనే 792 అడుగులు. మనకు ఇది మొదటి మెట్టు. పోల్చాలంటే 1961 న్యూయార్క్‌తో కాదు, 1890ల న్యూయార్క్‌తో పోల్చాలి.

జెర్సీసిటీ_జగ్గు
ఒప్పుకున్నా. ఇంకో తేడా చెప్తాను. 50ల్లో న్యూయార్క్‌లో కంపెనీలన్నీ వాల్ స్ట్రీట్ వదిలి మిడ్‌టౌన్‌కి ఎగబడుతున్నాయి. డేవిడ్ రాక్‌ఫెల్లర్ మాత్రం మేం ఇక్కడే ఉంటాం అని ఈ టవర్ లేపాడు. ఆ ఏరియా ఖాళీ కాకుండా ఆగిందంటే అదొక కారణం. డిజైన్ చేసింది ఎస్ఓఎం అనే ఆర్కిటెక్టుల కంపెనీలో గోర్డన్ బన్‌షాఫ్ట్. 2013లో ఫోసన్ అనే చైనా కంపెనీ 72.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2015 నుంచి చేజ్ పేరు తీసేసి 28 లిబర్టీ అంటున్నారు.

చరిత్ర_చాదస్తం
ఇది మంచి పాయింటు జగ్గూ. మద్రాసులో సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. డబ్బు వ్యవహారాలన్నీ పారీస్ కార్నర్, బీచ్ రోడ్డు పక్కన. స్టేట్ బ్యాంకు పాత బిల్డింగ్, రిజర్వ్ బ్యాంకు, దేర్ హౌస్, హార్బరు అన్నీ అక్కడే. మౌంట్ రోడ్డంటే స్పెన్సర్స్, హిగ్గిన్‌బాథమ్స్, కార్ల షోరూములు, తర్వాత సినిమా హాళ్లు. చెట్టియార్ తన బిల్డింగ్‌ను జార్జ్‌టౌన్ ఇరుకులో పెట్టకుండా మౌంట్ రోడ్డుకు తెచ్చాడు. ఆయన పెట్టిన బ్యాంకు ఐఓబీ హెడ్డాఫీసు కూడా తర్వాత అదే రోడ్డు మీదికి వచ్చింది.

బందరు_బాబాయ్
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను ఆ సంస్థలోనే పనిచేసి రిటైరయ్యాను కాబట్టి నాలుగు మాటలు.

నవీన్ బాబూ, మీ హైదరాబాదు వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. 1956లో ఎల్ఐసీ పెట్టినప్పుడు దేశం మొత్తానికి 5 జోన్లు, 33 డివిజన్లు, 212 బ్రాంచీలు. దక్షిణాదికంతా జోనల్ ఆఫీసు మద్రాసే. మాకు హైదరాబాదులో సౌత్ సెంట్రల్ జోన్ వచ్చింది తర్వాతెప్పుడో. అప్పటిదాకా తెలుగు దేశంలో ఏ డివిజన్ నుంచైనా పెద్ద ఫైలు కదిలిందంటే అది చేరేది ఆ బిల్డింగ్‌కే. పల్లెటూళ్లో సైకిల్ మీద తిరిగి ఏజెంటు రాయించిన పాలసీకి, మౌంట్ రోడ్డు బిల్డింగ్‌కు అలా సంబంధం. క్యాలెండరు మీద ఆ బొమ్మ చూపించి "మీ డబ్బు ఇక్కడుంటుంది" అని చెప్పి పాలసీలు రాయించిన ఏజెంట్లను నేను చూశాను. జనం నమ్మేవాళ్లు. అంత ఎత్తు బిల్డింగ్ ఉన్నవాడు ఎక్కడికి పారిపోతాడు?

ఇంకా వెనక్కి పోతే, మా బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. 1956లో అదీ ఎల్ఐసీలో కలిసింది. బందరు లాంటి ఊరికి డివిజనల్ ఆఫీసు ఎలా వచ్చిందని కుర్రవాళ్లు అడుగుతుంటారు. ఇందుకే వచ్చింది.

నేను జోనల్ ఆఫీసుకు మొదటిసారి వెళ్లింది 70ల మొదట్లో. బందరులో బండెక్కి, బెజవాడలో మెయిలు పట్టుకుని, సెంట్రల్‌లో ముఖం కడుక్కుని నేరుగా ఆఫీసుకు. చంకలో గుడ్డ సంచీలో ఫైళ్లు. పది గంటలప్పుడు లిఫ్టుల ముందు జనం, అందరి చేతిలో స్టీలు క్యారియర్లు. లిఫ్టు తలుపు మూసుకుంటే సాంబారు వాసన, కొబ్బరినూనె వాసన కలిసి కొట్టేవి. లిఫ్టు నడిపే ఆయన "ఎన్న మాడి?" అన్నాడు. నాకు తమిళం రాదు, ఏడు వేళ్లు చూపించాను. ఆయన నవ్వి తెలుగులో "ఏడా సారూ" అన్నాడు. గూడూరు మనిషి! అక్కడ గుమాస్తాల్లో, ప్యూన్లలో మనవాళ్లు బోలెడంతమంది.

మధ్యాహ్నం సంతకం కోసం కూర్చోబెట్టినప్పుడు కిటికీ దగ్గర నిలబడితే తూర్పున సముద్రం కనిపించేది. బందరు వాణ్ణి, సముద్రం నాకు కొత్త కాదు. కానీ ఊరి మీదుగా, మేడల మీద ఆరేసిన బట్టల మీదుగా సముద్రం చూడటం అదే మొదలు.

నెల్లూరు_నెరజాణ
బాబాయ్, ఇలాంటిది ఒక్కటి రాయడానికి ఇన్నాళ్లు ఎక్కడున్నారు!

కోఠీ_కుర్రాడు
"మీ డబ్బు ఇక్కడుంటుంది" హహహ. ఇప్పటి యాప్‌లకు క్యాలెండరు కూడా లేదు.

నానక్‌రామ్‌గూడ_నవీన్
బాబాయ్ గారూ, మీ పోస్టు తాతయ్యకు చదివి వినిపించాను. ఆయనకూ ఒక ఏజెంటు ఇలాగే క్యాలెండరు ఇచ్చాడట. కథలన్నీ బాగున్నాయి, ఒప్పుకుంటా. కానీ నా ప్రశ్న నాదే. కథ తెలియనివాడు రోడ్డు మీద నిలబడి చూస్తే అందంగా ఉందా లేదా? మీనార్లున్నాయా, బొమ్మలున్నాయా?

సివిల్_సూరిబాబు
చార్మినార్ కూడా ఇంచుమించు ఇంత ఎత్తే. అంతస్తులు లెక్కపెట్టి దాన్నీ పార్కింగ్ బ్లాక్ అంటావా?

నానక్‌రామ్‌గూడ_నవీన్
చార్మినార్ జోలికి రావద్దు సార్. అది వేరే టాపిక్.

నెల్లూరు_నెరజాణ
ఈ ఒక్క విషయంలో నేను నవీన్ పార్టీ. అదే మౌంట్ రోడ్డు మీద భారత్ ఇన్సూరెన్స్ బిల్డింగ్ అని ఎర్రది ఒకటుంది, చూశారా? 1897 నాటిది. గుమ్మటాలు, కమాన్లు, వరండాలు. రాజుగారి కోటలా ఉంటుంది. దాని పక్కన మీ ఎల్ఐసీ బిల్డింగ్ గుమాస్తా చొక్కా వేసుకున్నట్టు ఉంటుంది.

ట్రిప్లికేన్_తులసి
ఆ ఎర్ర బిల్డింగ్ ఓనరు ఎవరో తెలుసా? అదీ ఎల్ఐసీదే! స్మిత్ అనే మందుల వ్యాపారి కార్డిల్ బిల్డింగ్ అని కట్టించాడు. తర్వాత భారత్ ఇన్సూరెన్స్ కంపెనీ కొన్నది, జాతీయం చేసినప్పుడు దానితో పాటు ఎల్ఐసీకి వచ్చింది. 2006లో కూల్చడం మొదలుపెడితే పాత కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్లు హైకోర్టుకు వెళ్లారు. 2010లో కూల్చకూడదని తీర్పు వచ్చింది. నేను కాలేజీకి వెళ్లే రోజుల్లో దాని చుట్టూ రేకులు కట్టేసి ఉండేవి, సందుల్లోంచి రావిమొక్కలు బయటికి వచ్చేవి. బాధేసేది.

సివిల్_సూరిబాబు
నెరజాణ గారూ, ఆ ఎర్ర బిల్డింగ్ గొప్పదే, కాదనను. కానీ దాని అందం అంతా గోడల మీద అతికించింది. దీనిది నిర్మాణమే. ఆఫీసు ఆఫీసులా ఉండాలి, కోటలా ఎందుకు ఉండాలి?

నెల్లూరు_నెరజాణ
సివిల్ వాళ్లకు పెళ్లిచూపుల్లో కూడా పిల్ల కాదు, పునాది కావాలి.

కోఠీ_కుర్రాడు
ఈ దెబ్బకు సూరిబాబు గారు లాగౌట్.

పాండీబజార్_పాతకాపు
అందం మాట కెమెరా వెనకున్నవాణ్ణి అడగండి. మధ్యాహ్నం తీస్తే నవీన్ చెప్పినట్టే డబ్బా. సాయంత్రం ఐదున్నరకు ఎండ పక్కనుంచి పడితే కిటికీల వరసలన్నీ నీడలు పట్టి లెక్కపెట్టుకునేలా కనిపిస్తాయి. చుట్టూ ఏమీ లేని రోజుల్లో దాన్ని ఒంటరిగా ఫ్రేములో పట్టగలిగేవాళ్లం. ఇప్పుడు ఫ్లెక్సీలు, మెట్రో బోర్డులు, ఫ్లైఓవర్లు. కుర్రాడు నిరాశ పడ్డాడంటే సగం తప్పు పరిసరాలది.

బందరు_బాబాయ్
అగ్ని ప్రమాదం సంగతి ఎవరూ రాయలేదే?

ట్రిప్లికేన్_తులసి
నేను రాద్దామనే అనుకుంటున్నా. 1975 జూలై 11. మా నాన్న అప్పుడు మౌంట్ రోడ్డు మీదే ఒక షాపులో లెక్కలు రాసేవారు. పొగ చూసి అందరూ రోడ్డు మీదికి వచ్చేశారట. ఫైరింజన్ల నిచ్చెనలు పైదాకా అందలేదని, కింద నిలబడ్డ జనం చూస్తూ ఉండిపోయారని ఇప్పటికీ చెప్తారు. ఊళ్లో బిల్డింగ్ ఒక్కటే అంత ఎత్తు, దాన్ని అందుకునే నిచ్చెన మాత్రం లేదు. బిల్డింగ్ ఇక పడిపోతుందని పుకారు. పడలేదు, బాగుచేసి మళ్లీ ఆఫీసు పెట్టారు.

2023 ఏప్రిల్ 2న కూడా పైనున్న నేమ్‌బోర్డు దగ్గర మంటలు వచ్చాయి. ఆదివారం కాబట్టి లోపల సిబ్బంది లేరు. త్వరగానే ఆర్పేశారు. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. సొంత ఇంటికి ఏదో అయినట్టు ఫోన్లు.

సివిల్_సూరిబాబు
(లాగౌట్ కాలేదు.) 75లో నిలబడటానికి కారణం కూడా ఆ స్తంభాలే. కాంక్రీటు నిప్పు అంటుకోదు, వేడిని లోపలి ఇనుముకు త్వరగా చేరనివ్వదు. ఆఫీసులో కాలేది కాగితం, కర్ర, కర్టెన్లు. బీమా ఆఫీసంటే అప్పట్లో కాగితాల గుట్టే కదా.

బందరు_బాబాయ్
గుట్టలే. అందుకే ఆ వార్త వినగానే మా డివిజన్‌లో మొదట అడిగింది "రికార్డులు ఏమయ్యాయి" అని. మనుషుల సంగతి తర్వాత అడిగారని మా సూపరింటెండెంటు గారు అందరినీ చెడామడా తిట్టారు.

కోఠీ_కుర్రాడు
ఇంతకీ చెన్నైలో మంచి బిర్యానీ ఎక్కడ? మౌంట్ రోడ్డులో బుహారీ అంటారు...

ట్రిప్లికేన్_తులసి
బుహారీ 1951 నుంచి ఉంది, బిల్డింగ్ కంటే పెద్దది వయసులో. తిని చూడు.

కోఠీ_కుర్రాడు
కోఠీ వాణ్ణి చెన్నైలో బిర్యానీ తినమంటారా? ఆధార్ కార్డు లాగేసుకుంటారు మావాళ్లు.

మోడరేటర్
బిర్యానీ చర్చకు వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే రక్తం పారుతోంది. ఇక్కడ బిల్డింగ్ వరకే.

నానక్‌రామ్‌గూడ_నవీన్
చివరిగా ఒకటి, బాబాయ్ గారికి. మీ పోస్టు విన్నాక తాతయ్య ట్రంకు పెట్టె తీయించాడు. అందులో వాళ్ల నాన్నగారి పేరు మీద యునైటెడ్ ఇండియా లైఫ్ పాలసీ బాండు దొరికింది, 1949ది. వెయ్యి రూపాయలకు. అంచులు చెదలు తిన్నాయి కానీ నంబరు కనిపిస్తోంది. దీనికి ఇప్పుడేమైనా వస్తుందా? యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ ఆఫీసుకు వెళ్లి అడగనా?

బందరు_బాబాయ్
అక్కడికి వెళ్లకు బాబూ. ఇప్పుడు ఆ పేరుతో ఉన్నది వాహనాలు, అగ్ని ప్రమాదాలు, ఆరోగ్యం చూసే జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ. జనరల్ ఇన్సూరెన్స్‌ను జాతీయం చేసింది 1973లో, ఆ దారి వేరు. లైఫ్ పాలసీల బాధ్యతంతా 1956లోనే ఎల్ఐసీకి వచ్చింది. బాండు జిరాక్సు తీసుకుని మీకు దగ్గర్లో ఉన్న ఎల్ఐసీ బ్రాంచిలో అడుగు. కానీ ఆశ పెట్టుకోకు. గడువు తీరగానే డబ్బిచ్చే ఎండోమెంటు పాలసీ అయితే ఆ గడువు ఎప్పుడో తీరి, మీ ముత్తాతగారే డబ్బు తీసుకుని ఉంటారు. మామూలుగా బాండు వెనక్కి తీసుకునే డబ్బిస్తారు. అది ఇంట్లోనే ఉండిపోయిందంటే మధ్యలో ప్రీమియం కట్టడం మానేశారేమో కూడా. వెనక పేజీ ఫోటో పెట్టు, పేరు, అడ్రసు కనపడకుండా. చూసి చెప్తాను.

నానక్‌రామ్‌గూడ_నవీన్
రేపు పెడతాను. ముత్తాత ప్రీమియం ఎగ్గొట్టాడని తేలితే తాతయ్యకు మీరే చెప్పాలి, నా వల్ల కాదు.